ఆర్‌సింక్ కాన్ఫిగర్ మధ్యలో ఆగితే

అనంతపురం మిత్రులకు నమస్కారం. పెళ్లి ఫోటోలు కాపీ చేసుకోవడానికి, ఫైళ్లను ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేసే ఆర్‌సింక్ 3.2 సోర్సును ఉబుంటులో విప్పి, కంపైలుకు కావలసినవన్నీ ఉన్నాయో లేదో చూసే ‘కాన్ఫిగర్’ నడిపితే ‘ఎక్స్ఎక్స్‌హాష్ హెడర్ దొరకలేదు’ అంటోందని, ఫైళ్లను సరిపోల్చే గుర్తు సంఖ్యలు (చెక్‌సమ్‌లు) లెక్కించే ఆ లైబ్రరీ ఉన్నా ఎందుకిలా అని అడిగారు.

మీ దగ్గరున్నది ప్రోగ్రాములు నడవడానికి సరిపోయే భాగమే. కంపైలు చేయాలంటే హెడర్ ఫైళ్లు కావాలి. అవి పేరు చివర ‘డెవ్’ ఉన్న ప్యాకేజీలో వస్తాయి. ఉబుంటులో ప్యాకేజీలు వేసే ఆప్ట్‌తో దాన్ని వేయండి. సందేశాన్ని చివరిదాకా చదివితే డేటాను కుదించే జెడ్ఎస్‌టీడీ, ఎల్‌జెడ్4 వంటి మిగతా లైబ్రరీల లోట్లూ కనిపిస్తాయి, వాటివీ అప్పుడే వేయండి. ‘డిసేబుల్’ ఆప్షన్‌తో దాటవేయవచ్చు గానీ నేనైతే ఒప్పుకోను: ఎక్స్ఎక్స్‌హాష్ అదే పని చేసే పాత పద్ధతి ఎండీ5 కంటే చాలా వేగం. ఆ తర్వాత కాన్ఫిగర్ మళ్లీ నడిపి, కంపైలుకు ‘మేక్’, సిస్టంలో వేయడానికి సుడోతో (అడ్మిన్ హక్కులతో) ‘మేక్ ఇన్‌స్టాల్’ కొట్టండి.

ఇక అసలు చిక్కు. కొత్తది యూఎస్ఆర్ లోకల్ బిన్ (/usr/local/bin) ఫోల్డర్‌లోకి వెళ్తుంది, టెర్మినల్ మాత్రం పాత దారినే గుర్తుపెట్టుకుని పాత వెర్షనే చూపవచ్చు. కడపలో మా స్టూడియో కంప్యూటర్ ముందు ఇందుకే ఒక పూటంతా తల పట్టుకు కూర్చున్నాను! ‘హాష్ -ఆర్’ కొడితే, లేదా టెర్మినల్ మూసి తెరిస్తే చాలు.

పెళ్లి ఫోటోలన్నారు కాబట్టి, ‘డిలీట్’ ఆప్షన్ వాడే ముందు ఒకసారి నిజంగా ఏమీ మార్చని ‘డ్రై-రన్’ను, జాబితా చూపే ‘-వి’ (-v)తో కలిపి నడిపి ఏవి చెరుగుతాయో చూసుకోండి.