పడగొట్టాలా, బాగుచేయాలా? చెన్నై పాఠకుల ఇంటి ప్రశ్నలు

ప్రశ్న: విల్లివాక్కంలో పై అంతస్తు ఫ్లాట్ మాది. డాబా మీద ఎర్ర టైల్స్ ఉన్నాయి. మే నెలలో రాత్రి పదకొండు దాటినా శ్లాబు చల్లారదు, ఏసీ ఆపితే నిద్ర ఉండదు. తెల్ల పెయింట్ వేయించమని ఒకరు, థర్మోకోల్ పెట్టి ఫాల్స్ సీలింగ్ చేయించమని ఇంకొకరు. ఏది మేలు? – సుజాత

జవాబు: పని డాబా మీద మొదలుపెట్టండి, గదిలో కాదు. సీలింగ్ వేస్తే గదిలోకి దిగే వేడి కొంత ఆగుతుందే గానీ శ్లాబు కాగడం ఆగదు. అది పగలు సాగుతూ రాత్రి ముడుచుకుంటూ పిట్టగోడ మొదట్లో బీట తెచ్చుకుంటుంది. అక్కడ నీరు దిగినా సీలింగ్ చాటున మీ కంటపడదు. పైగా థర్మోకోల్ ఇట్టే అంటుకుంటుంది, పొగ భయంకరం. పడుకునే గదిలో దానికి చోటివ్వకండి.

చెన్నై డాబాల్లో ఎర్ర టైల్స్ కింద మామూలుగా వెదరింగ్ కోర్స్ ఉంటుంది. అంటే ఇటుక కంకర, సున్నం కలిపి వాటంగా పరిచి దిమ్మిస కొట్టిన పొర. అది బాగుంటే కదిలించొద్దు. ఒక కర్రతో టైల్స్ అన్నిటినీ తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన టైలు కింద పట్టు వదిలిందని అర్థం. వాటిని తీసి మళ్లీ పరిపించి, సందులు పూడ్చాకే పెయింట్ సంగతి.

పెయింట్ పొక్కులు లేచి ఊడిందని వచ్చే ఉత్తరాల్లో చాలావాటికి కారణం ఒకటే, లోపలి తడి. పనికి ముందు రెండడుగుల పాలిథిన్ షీటును డాబా మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో మూసేసి మర్నాటిదాకా వదిలేయండి. షీటు అడుగున నీటి చుక్కలు కనిపిస్తే ఇంకా ఆరలేదన్నమాట. అందుకే ఈ పనికి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మంచి కాలం. ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానలు దగ్గర పడ్డాక మొదలుపెడితే డబ్బు వానలో పోసినట్టే. నాచు గీకి, కడిగి, ఆరనిచ్చి, ప్రైమర్ ఒక చేయి, కూల్ రూఫ్ పెయింట్ రెండు చేతులు, రెండో చేయి మొదటిదానికి అడ్డంగా వేయించండి. డబ్బా మీద రాసిన విస్తీర్ణం కన్నా ఎక్కువ లాగితే పొర పలచనై రెండేళ్లకే పోతుంది. కొత్తలో మంచి తెల్ల పూత ఎండలో దాదాపు 80 శాతాన్ని తిప్పికొడుతుంది. దుమ్ము పడితే ఆ గుణం తగ్గుతుంది కాబట్టి ఏటా మార్చిలో ఒకసారి కడిగించాలి.

పెయింట్ చాలకపోతే ఇన్సులేషన్. 150 మిల్లీమీటర్ల ఉత్త శ్లాబు గుండా చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు, సుమారు 3.3 వాట్ల వేడి దిగుతుంది. ఇళ్ల కోసం కేంద్రం తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత ఒప్పుకునేది 1.2 వరకే. 40 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (గట్టి నురుగు ప్లాస్టిక్) షీట్లు పరిస్తే ఆ లెక్క 0.7కు దిగుతుంది. వరస తప్పకూడదు: ముందు వాటర్‌ప్రూఫింగ్, దానిపై షీట్లు, జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన కోడివల వేసిన 50 మిల్లీమీటర్ల కాంక్రీటు, నూటికి ఒకటి చొప్పున వాటం, చివర తెల్ల టైల్స్. ఆ కాంక్రీటు ఒక్కటే చదరపు మీటరుకు 115 కిలోల బరువు. ఇంజినీరు సరేననకుండా ఎక్కించొద్దు.

డాబా అన్ని ఫ్లాట్లదీ అయితే అసోసియేషన్ తీర్మానం కాగితం మీద ఉండాలి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకుంటే రేపు పైన నీళ్ల ట్యాంకు కారినా నింద మీ పెయింట్ మీదికే వస్తుంది.

ప్రశ్న: పాత ఏసీ తీసేసి ఫైవ్ స్టార్ కొంటున్నాం. పర్యావరణానికి ఇంకేమైనా చూసుకోవాలా? – రమేశ్, పెరంబూరు

జవాబు: కొత్తదాని స్టార్లు అందరూ చూస్తారు, పాతదానిలోని గ్యాసును ఎవరూ చూడరు. ఆర్-410ఏ గ్యాసు ఒక కిలో గాలిలో కలిస్తే రెండు టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు వేసుకుంటే, దాదాపు మూడు వేల యూనిట్లు కాల్చినట్టు. పాత ఆర్-22 కూడా తక్కువేం కాదు. అందుకని విప్పడానికి వచ్చిన మెకానిక్ నట్టు వదులు చేసి గ్యాసును బుస్సుమని వదలకుండా పంప్ డౌన్ చేయమనండి. ఏసీని కూలింగ్‌లో నడుపుతూ బయటి యూనిట్ దగ్గర సన్న పైపు వాల్వ్ ముందు మూయాలి. గేజి సున్నా దగ్గరికి రాగానే లావు పైపు వాల్వ్ మూసి వెంటనే స్విచ్ ఆపాలి. కొద్ది నిమిషాల పని. గ్యాసు బయటి యూనిట్‌లో చేరుతుంది, తీసుకెళ్లేవాడు దాన్ని సిలిండర్‌లోకి తోడుకోవచ్చు. కొత్తది ఆర్-32 అయితే ఆ భారం మూడో వంతే.

ప్రశ్న: వెస్ట్ మాంబళంలో 1986లో కట్టిన ఎనిమిది ఫ్లాట్లు. సన్‌షేడ్లు, బాత్రూమ్ శ్లాబులు పెచ్చులూడి కమ్మీలు బయటపడ్డాయి. సగంమంది బిల్డర్‌కు ఇచ్చి కొత్తది కట్టించుకుందామంటున్నారు. బాగుచేసుకుంటే ఎన్నాళ్లు వస్తుంది? – పాఠకుడు

జవాబు: పెచ్చులు చూసి ఓటు వేయకండి. ముందు పరీక్షలు చేయించండి. రిపోర్టు బిల్డర్ పిలిచిన ఇంజినీరు నుంచి కాక, అసోసియేషన్ డబ్బు కట్టి పిలిచిన స్ట్రక్చరల్ ఇంజినీరు నుంచి రావాలి.

అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు వచ్చిన మేర కాంక్రీటులో క్షారగుణం మిగిలినట్టు, రంగు రాని మేర పోయినట్టు. కమ్మీని తుప్పు నుంచి కాపాడేది ఆ గుణమే. రంగు రాని పొర కమ్మీ దాకా చేరిందా లేదా అన్నదే ప్రశ్న. గులాబీ రంగు చూసి నిశ్చింతగా ఉండకండి, ఉప్పు సంగతి అది చెప్పదు. సముద్రగాలి తగిలే చోటా, ఉప్పు బోరునీళ్లతో కాంక్రీటు కలిపిన చోటా క్లోరైడ్ లోపలే ఉంటుంది. దానికి డ్రిల్లు పొడి తీసి ల్యాబుకు పంపాలి, కమ్మీ లోతు పొడిని విడిగా. కమ్మీ తుప్పును వోల్టేజీతో పట్టిచ్చే హాఫ్ సెల్ పరీక్షలో రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టులు దాటితే తుప్పు సాగుతూ ఉండే అవకాశం 90 శాతం పైనే. స్తంభాల నుంచి కోర్లు, అంటే గుండ్రంగా కోసిన కాంక్రీటు ముక్కలు, తీసి బలం చూడాలి.

స్తంభాల్లో బలం నిలబడి, చెడింది సన్‌షేడ్లూ తడి గదులూ అయితే బాగుచేయడమే తెలివి. లెక్క చూడండి. మామూలు కట్టడంలో చదరపుటడుగుకు సిమెంటు 0.4 బస్తా, ఉక్కు నాలుగు కిలోలు పడతాయి. ఈ రెంటికే దాదాపు 25 కిలోల కార్బన్ డయాక్సైడ్. మీవి ఒక్కోటి 900 అడుగులనుకుంటే మొత్తం 7,200 అడుగులకు 180 టన్నులు. నెలకు 300 యూనిట్లు వాడే ఎనిమిది ఇళ్లకు తొమ్మిదేళ్ల కరెంటు అది. ఇటుకలు, టైల్స్, శిథిలాలు మోసే లారీలు ఇందులో లేవు. బిల్డరేమో 7,200 అడుగులు కట్టి ఊరుకోడు, తన వాటా కోసం ఇంకా కడతాడు.

బాగుచేయడంలో పనివాళ్లు తప్పించుకునే మెట్టు ఒకటుంది. కమ్మీ పైభాగం కనబడగానే ఆపేసి మోర్టారు మెత్తుతారు. అలా కాదు, కమ్మీ వెనక వేలు దూరేంత, అంటే 20 నుంచి 25 మిల్లీమీటర్లు చెక్కాలి. కింద ఊతకర్రలు పెట్టాకే చెక్కాలి. వైరు బ్రష్షుతో మెరిసేదాకా తుప్పు తీసి, కమ్మీ నాలుగో వంతు కరిగిపోయి ఉంటే పక్కన కొత్తది కట్టి, జింక్ ప్రైమర్, బాండింగ్ కోటు, పాలిమర్ మోర్టారు పలచని పొరలుగా వేసి, నీళ్లు పట్టాలి. ఇంత చేసినా రెండేళ్లకు అతుకు పక్కనే కొత్తగా పగులుతుంది, మేస్త్రి పనిదొంగ అనుకుంటారు. చాలాసార్లు అది మేస్త్రి తప్పు కాదు. ఉప్పు పట్టిన పాత కాంక్రీటులోని కమ్మీ, కొత్త మోర్టారులోని కమ్మీ ఒకే తీగలా కలిసి ఉంటాయి. కొత్త చోట తుప్పు ఆగినకొద్దీ పక్కచోట వేగం పుంజుకుంటుంది. అందుకే క్లోరైడ్ ఉన్న ఇంట్లో అతుకు అంచుల్లో కమ్మీకి జింక్ యానోడ్ ముక్కలు కట్టిస్తారు. కమ్మీ బదులు ఆ జింక్ అరుగుతుంది. కొటేషన్‌లో ఆ మాట లేకపోతే అడగండి.

ఎన్నాళ్లు వస్తుందన్నది తడి మీద ఉంది. బాత్రూమ్ పైపులు మార్చకుండా కింది శ్లాబు ఒక్కటే బాగుచేస్తే రెండు మూడు వానాకాలాలే. స్తంభాల్లోనే నిలువుగా బీటలుండి, కమ్మీ లోతున క్లోరైడ్ ఎక్కువగా తేలి, కోర్లు బలహీనంగా వస్తే మాత్రం పాతదాన్ని పట్టుకుని వేలాడొద్దు. అప్పుడు పడగొట్టడమే సరి.

ప్రశ్న: చూళైలో తాతగారి మద్రాస్ టెర్రస్ ఇల్లు. మిద్దె కురుస్తోంది, పైన సిమెంటు గచ్చు వేయమని మేస్త్రి అంటున్నాడు. – లక్ష్మి

జవాబు: వద్దనండి. టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో కట్టిన మిద్దె అది, తడి పీల్చి మళ్లీ వదిలేస్తుంది. పైన సిమెంటు మూత వేస్తే ఆ తడి బయటికి పోలేక దూలాల దారి పడుతుంది. ముందు గోడలోకి దూరిన దూలాల కొనలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే ఆ కొన పుచ్చినట్టే, పైపని కన్నా ముందు అది మార్చాలి. పైపొరకు పాత కొలతే మంచిది: 32 పాళ్ల ఇటుక కంకరకు 12.5 పాళ్ల సున్నం, ఇసుక లేకుండా. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చల్లుతూ చెక్క దిమ్మిసలతో, దెబ్బ ఎగిరి వెనక్కి వచ్చేదాకా కొట్టించాలి. దానిమీద చదునైన తట్టోడు పెంకులు. సున్నం సుమారు 900 డిగ్రీల దగ్గర కాలుతుంది, సిమెంటుకు మూలమైన క్లింకర్‌కు 1,450 కావాలి. గట్టిపడేటప్పుడు సున్నం కొంత కార్బన్‌ను వెనక్కి పీల్చుకుంటుంది కూడా. కూలీ ఎక్కువ, మనిషి దొరకడం కష్టం, అది నిజమే.

ప్రశ్న: కొత్త గదికి 53 గ్రేడ్ సిమెంటే వాడాలని మేస్త్రి పట్టు. ఫ్లై యాష్ కలిసిన పీపీసీ సిమెంటుకు బలం రాదా? – పాఠకుడు, అంబత్తూరు

జవాబు: వస్తుంది, నిదానంగా. పీపీసీలో 15 నుంచి 35 శాతం ఫ్లై యాష్ (బొగ్గు బూడిద), స్లాగ్ సిమెంటులో 25 నుంచి 70 శాతం స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) ఉంటాయి, ఆ మేరకు క్లింకర్ తగ్గుతుంది. సముద్రం దగ్గరైతే స్లాగ్ సిమెంటు ఉప్పును ఇంకా బాగా ఆపుతుంది. మేస్త్రికి 53 ఇష్టం ఎందుకంటే సెంట్రింగ్ త్వరగా విప్పి పక్క సైటుకు పోవచ్చు. పీపీసీకి ఎండాకాలం 14 రోజులు నీళ్లు పట్టాలి, సెంట్రింగ్ ఇంజినీరు చెప్పినదాకా ఉంచాలి. ఒప్పందంలో రాయించుకోండి, నీళ్లు పట్టే మనిషి కూలీతో సహా.