సరుకు గడప దాటకముందే బిల్లు

ప్రశ్న: అక్కా, మాది మంగళగిరి. ఇంట్లో ఆరు గుంట మగ్గాలున్నాయి, బయట పది మంది మాకు కూలికి నేస్తారు. విజయవాడ, హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల్లో 24 షాపులకు నూలు చీరలు వేస్తాం. నెలకు నలభై బిల్లుల దాకా అవుతాయి. మా ఆయన కార్బన్ పెట్టి బిల్లు పుస్తకంలో రాస్తారు. అదీ ఏ రోజుకారోజు కాదు, ఆదివారం కూర్చుని వారం మొత్తానిదీ ఒకేసారి. ఇంటర్ చదివే మా అమ్మాయి వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కిస్తుంది. ఆడిటర్ గారి ఆఫీసులో మళ్లీ మూడోసారి కొడతారు. పోయిన దసరాకి చెన్నై షాపు వాళ్ల జీఎస్టీ నంబరులో ఒక్క అక్షరం తప్పు పడింది. మా బిల్లు మీది పన్నును తమ పన్నులో తగ్గించుకునే క్రెడిట్ కనిపించలేదని వాళ్లు 38,400 రూపాయలు సంక్రాంతి దాకా ఆపేశారు. బిల్లులు వాటంతటవే తయారయ్యేలా చేసుకోవచ్చని అందరూ అంటున్నారు. మాలాంటి వాళ్లకు పనికొస్తుందా? ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి? బాకీ గుర్తుచేసే మెసేజీలు కూడా అదే పంపుతుందట. షాపు వాళ్లు నొచ్చుకోరా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: పనికొస్తుందమ్మా, తప్పకుండా పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ పేర్లు తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘ఆదివారం’.

గుంటూరు పట్నం బజారులో చిన్న షాపుల లెక్కలు రాయడం మొదలుపెట్టి నాకిది ఇరవై నాలుగో ఏడు. బాకీలు మునిగిన ఇళ్లను చాలా చూశాను. సరుకు వెళ్లిన రోజొకటి, బిల్లు రాసిన రోజొకటి కావడం దగ్గరే ఎక్కువ ఇళ్లలో కథ మొదలైంది. సోమవారం పార్శిల్ కట్టిన చీరలు ఎనిమిదా తొమ్మిదా అన్నది ఆదివారానికి గుర్తుండదు. బేరంలో తగ్గించిన యాభై రూపాయలు గుర్తుండవు. ఫోటో చూసి వద్దని వెనక్కి పంపిన చీర అసలే గుర్తుండదు. నెలాఖరులో వెళ్లిన సరుకు పై నెల బిల్లుల్లో పడుతుంది. చట్టం కూడా ఇదే చెబుతుంది: కదిలే సరుకైతే అది బయల్దేరే ముందో, బయల్దేరే సమయానికో ఇన్‌వాయిస్ ఉండాలి. అంటే పార్శిల్‌లో సరుకుతోపాటే బిల్లు వెళ్లాలి. మీ ఆయన ఆదివారం రాసే బిల్లు ఎంత ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నా అది ఆలస్యపు బిల్లే.

కాబట్టి మీ ఇంట్లో మారాల్సింది చీరలు మడతపెట్టి పార్శిల్ కట్టే బల్ల. ఫోనో లాప్‌టాపో ఆ బల్ల మీదే ఉండాలి. అక్కడ ఒక్కసారి షాపు పేరు, చీర రకం, ఎన్ని అన్నవి కొడితే చాలు. బిల్లు తయారవుతుంది, షాపు ఖాతాలో బాకీ ఎక్కుతుంది, స్టాకులోంచి చీరలు తగ్గుతాయి, ఆడిటర్ గారికి పంపాల్సిన పట్టిక కూడా సిద్ధమవుతుంది. ఇప్పుడు మూడుచోట్ల ముగ్గురు రాస్తున్నది ఒక్కచోట ఒక్కరే రాస్తారు.

అయితే లోపల పెట్టిన వివరాలు తప్పైతే ఆ తప్పునే నలభై బిల్లుల మీద అచ్చేసి పంపుతుంది. అందుకని ముందు రెండు సాయంత్రాలు కేటాయించండి.

మొదటి సాయంత్రం షాపులది. 24 షాపులనూ జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫోటో వాట్సాప్‌లో పెట్టమనండి. నంబరును చేత్తో రాసి పంపితే తీసుకోకండి. ఆ నంబరులో 15 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడ్, తర్వాతి పదీ వాళ్ల పాన్ నంబరు. చిట్టచివరి అక్షరం ముందున్న వాటి నుంచి లెక్కకట్టి వచ్చేది. కనుక మంచి సాఫ్ట్‌వేర్‌లో ఒక అక్షరం తప్పు కొడితే అక్కడే ఎర్రగా చూపిస్తుంది. మీ చెన్నై తప్పు చేతిరాతలో కనుక జారిపోయింది. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఎవరి నంబరైనా కొట్టి చూడొచ్చు, షాపు పేరు వస్తుంది. వచ్చిన పేరు, మీ పుస్తకంలో పేరు ఒకటేనా అని ప్రతి షాపుకూ చూడండి. ఒకే యజమానికి రెండు రాష్ట్రాల్లో షాపులుంటే నంబర్లు వేరువేరుగా ఉంటాయి, ఏ షాపుకు ఏది అన్నది సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు.

రాష్ట్రం కోడ్ దగ్గర ఒక్క మాట. మనది 37, తెలంగాణ 36, తమిళనాడు 33, కర్ణాటక 29. మీ చీరల మీద 5 శాతం పన్ను. విజయవాడ షాపుకైతే కేంద్రానికి సీజీఎస్టీ రెండున్నర, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ రెండున్నర. హైదరాబాదు షాపుకైతే రాష్ట్రం దాటే సరుకు కనుక ఐజీఎస్టీ 5. హైదరాబాదు మనదే అన్న అలవాటు 2014 తర్వాత కూడా పోలేదు. సగం సగం వేసి పంపిన బిల్లులు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటాయి. షాపు వివరాల్లో రాష్ట్రం సరిగ్గా పెడితే ఈ విభజన సాఫ్ట్‌వేరే చేసుకుంటుంది.

రెండో సాయంత్రం చీరలది, దీనికి మీ ఆయన తప్పనిసరిగా కూర్చోవాలి. మంగళగిరిలోనే ఒక ఇంట్లో చూశాను. నిజాం బోర్డర్ చీరను ఆయన ‘నిజాం’ అంటాడు, ఆవిడ ‘జరీ అంచు’ అంటుంది, హైదరాబాదు షాపు వాళ్లు ‘మంగళగిరి ప్లెయిన్’ అని ఆర్డరు పెడతారు. ఒకే చీర మూడు పేర్లతో ఎక్కి మూడు స్టాకులైంది. ఒకటి మైనస్ పదకొండు చూపిస్తోంది, ఇంకొకటి అమ్ముడుపోనట్టు నలభై చూపిస్తోంది. చీరకు ఒకే పేరు, దానికో ధర, సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్. నూలు చీరలకు మామూలుగా వాడేది 5208, పట్టువైతే 5007. కుట్టిన డ్రెస్సులు కూడా వేస్తుంటే వాటిని విడిగా పెట్టండి. వాటికి ధరను బట్టి పన్ను మారుతుంది: 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కోటి 2,500 రూపాయల లోపైతే 5 శాతం, దాటితే 18. పాత రేట్లు అలాగే ఉండిపోయిన సాఫ్ట్‌వేర్‌లు నేనింకా చూస్తూనే ఉన్నాను.

బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, వరస తప్పకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబరు రెండుసార్లు రాకూడదు. ఏప్రిల్ 1న కొత్త వరస మొదలుపెట్టండి. కార్బన్ పుస్తకాన్ని పారేయకండి. కరెంటు పోయి, ఫోన్ చార్జింగ్ అయిపోయి, లారీ ఆఫీసు మూసే వేళైతే అదే దిక్కు. దానికి వేరే అక్షరంతో వేరే వరస పెట్టుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. పండగ ముందు పెద్ద పార్శిల్ పన్నుతో కలిపి 50,000 దాటితే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-వే బిల్లు కావాలన్నది మీ ఆయనకు తెలిసే ఉంటుంది.

చెన్నై వాళ్లు డబ్బు ఆపడం గురించి ఇంకొక సంగతి. మీది చిన్న వ్యాపారం కనుక రిటర్ను మూడు నెలలకోసారి వేస్తూ ఉండొచ్చు. అలాగైతే అక్టోబరులో కొన్న చీరల క్రెడిట్ షాపు వాళ్లకు జనవరి దాకా కనిపించదు, వాళ్ల నంబరు సరిగ్గా ఉన్నా సరే. మొదటి రెండు నెలల బిల్లులను పై నెల 13వ తేదీలోగా పోర్టల్‌లో ఎక్కించే వెసులుబాటు ఉంది, ఐఎఫ్ఎఫ్ అంటారు. ఆడిటర్ గారిని అది ప్రతినెలా వాడమనండి. మీ పట్టిక ఒకటో తేదీకే సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఆయన కాదనరు.

ఇక వసూళ్లు. షాపు వాళ్లు బిల్లు లెక్కన ఇవ్వరు. మూడు బిల్లులు కలిసి 61,750 ఉంటే 40,000 వేసి ఊరుకుంటారు. బిల్లుకు బిల్లు జతపడక ఇక్కడే సాఫ్ట్‌వేర్ తికమకపడుతుంది. ఫలానా బిల్లుకని వాళ్లు చెప్పకపోతే, ఏ బాకీకి జమ వేసుకోవాలన్నది అమ్మినవాళ్ల ఇష్టం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. అన్నిటికన్నా పాత బిల్లుకు ముందు జమ వేయండి, ఆ సంగతి వాళ్లకు ఒక మెసేజీతో చెప్పండి. డబ్బు పడిన రోజే జమ ఎక్కాలి. దీన్ని కూడా ఆదివారానికి ఉంచితే చేసిందంతా దండగ.

గుర్తుచేసే మెసేజీల గురించి మీరడిగింది చాలా మంచి ప్రశ్న. దీనికి నా అనుభవమే చెబుతాను. 2018లో ఒక పైపుల షాపుకు అంతా నేనే అమర్చాను. గడువు దాటిన ఏడో రోజు ఉదయం తొమ్మిదికి మెసేజీ దానంతటదే వెళ్లేలా పెట్టాను. ఒకరోజు అది ఇరవై ఏళ్లుగా కొంటున్న ఒక ఖాతాదారుకు వెళ్లింది. ఆ తెల్లవారుజామునే వాళ్ల నాన్నగారు పోయారు. మా షాపు యజమానికి ఆ కబురు ఎనిమిదిన్నరకే తెలుసు, చూడటానికి బయల్దేరుతున్నాడు. ఆయన అక్కడికి చేరేసరికి ఆ ఇంటి పెద్దకొడుకు ఫోన్‌లో మా మెసేజీ ఉంది. ఆ ఖాతాదారు ఏమీ అనలేదు. పదకొండో రోజు తర్వాత బాకీ మొత్తం కట్టి ఖాతా మూసేశాడు. ఆ రోజు నుంచి నేను ఎక్కడ అమర్చినా ఒకటే పద్ధతి: ఎవరెవరికి గుర్తుచేయాలో జాబితా, రాయాల్సిన మాట అన్నీ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది, పంపే బటన్ మాత్రం మనిషే నొక్కాలి. మీకు 24 షాపులేగా, ఉదయం కాఫీ తాగేలోపు అయిపోతుంది. బిల్లు మాత్రం దానంతటదే వెళ్లినా ఎవరూ నొచ్చుకోరు, సరుకు వెంట బిల్లు రావడం వాళ్లకూ కావాల్సిందే.

మెసేజీలో ‘వెంటనే చెల్లించగలరు’ లాంటి నోటీసు భాష వద్దు. “నమస్తే అండీ, 12వ తేదీ పార్శిల్ బిల్లు 18,900 ఉంది, వీలు చూసి వేయండి” అని, కింద బిల్లు, డబ్బు వేసే క్యూఆర్. ఇంతే.

మీకొక హక్కు కూడా ఉంది. చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే తయారీదారుగా ఉందో, వ్యాపారిగా ఉందో చూడండి. మగ్గాలు మీవి కాబట్టి తయారీదారుగానే ఉండాలి, ఆలస్యపు చెల్లింపుల రక్షణ వ్యాపారులకు వర్తించదు. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులకు మించకుండా డబ్బివ్వాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు. దానికి మించి 2023–24 నుంచి ఇంకొకటి వచ్చింది: గడువులో ఇవ్వని డబ్బును షాపు వాళ్లు నిజంగా చెల్లించే ఏడాదిదాకా తమ ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేరు. ఈ మాట వాళ్ల ఆడిటరే వాళ్లకు చెబుతాడు, మీరు పోట్లాడక్కర్లేదు. మీ ఉద్యమ్ నంబరు ప్రతి బిల్లు మీదా అచ్చయ్యేలా పెట్టండి, చాలు.

సాఫ్ట్‌వేర్ అంటారా. ట్యాలీ, వ్యాపార్, జోహో – నెలకు నలభై బిల్లులకు ఏదైనా సరిపోతుంది. మీ ఆడిటర్ గారు ఏది వాడుతున్నారో అడిగి, ఆయన నేరుగా తీసుకోగలిగేది ఎంచుకోండి. కొనేముందు మీ డేటా మొత్తం ఎక్సెల్‌లోకి దిగుతుందో లేదో దింపి చూడండి. దిగకపోతే ఎంత చవకైనా వద్దు. ఒక నెల పుస్తకం, ఫోన్ రెండూ నడపండి, నెలాఖరు మొత్తాలు రూపాయి తేడా లేకుండా కలిశాకే పుస్తకం పక్కన పెట్టండి. ఇంకొకటి, బిల్లు కొట్టడం మీ ఆయనకు నేర్పండి, అమ్మాయికి కాదు. అమ్మాయి రేపు ఇంజినీరింగుకు హాస్టల్‌కు వెళ్తుంది. పార్శిల్ కట్టే చెయ్యే బిల్లూ కొట్టాలి.

ప్రశ్న: మేడమ్, కరీంనగర్‌లో ఏసీలు రిపేరు చేస్తాను. ఏడాదికి 9 లక్షల పని అవుతుంది. ముప్పై చోట్ల ఏడాది కాంట్రాక్టులున్నయి, ఎవరిది ఎప్పుడు అయిపోతుందో యాదికుండదు. ఒక క్లినిక్ మేనేజరేమో జీఎస్టీ వేసి బిల్లిస్తేనే పైసలిస్తమంటున్నడు. ఏం చెయ్యాలె?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కాంట్రాక్టులకు మీకు కావాల్సింది ‘రికరింగ్ ఇన్‌వాయిస్’. జోహో ఇన్‌వాయిస్ లాంటి ఉచితమైనవాటిలోనూ ఉంటుంది. ముప్పై మందికీ కాంట్రాక్టు తేదీ, మొత్తం ఒక్కసారి ఎక్కిస్తే ఏటా బిల్లు దానంతటదే తయారవుతుంది. గడువుకు పదిహేను రోజుల ముందు వచ్చేలా పెట్టుకోండి, సర్వీసుకు వెళ్లినప్పుడే మాట్లాడుకోవచ్చు.

జీఎస్టీ మాత్రం వేయకండి. సేవలకు ఏడాదికి 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో సరుకుకు కూడా హద్దు అదే, కాబట్టి గ్యాస్, కంప్రెసర్ అమ్మకాలు కూడా కలిపి చూసుకుంటూ ఉండండి. నంబరు లేకుండా పన్ను వసూలు చేస్తే నేరం. ఆ మేనేజర్‌కు ఒక లెక్క చూపించండి. క్లినిక్‌లో చేసే వైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఉంది, అందుకని మీ బిల్లులో పన్ను ఉన్నా దాని క్రెడిట్ వాళ్లకు రాదు. 5,000 పనికి మీరు జీఎస్టీ వేస్తే వాళ్ల జేబులోంచి ఇంకో 900 పోతుంది.