పేరు ముందు నీ పేరున పెట్టుకో

చి. హారికకు,

మావయ్య ఆశీస్సులు. ఉద్యోగం మానేసి ఇక నీ పర్యటనల సైటు మీదే బతుకుతానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. చెప్పడమేమిటి, నేనే నీకు ఎక్కించానన్నట్టు అరగంట కడిగేసింది. నాకు గుండెల్లో దడా పుట్టింది, కొంచెం గర్వంగానూ ఉంది. విశాఖ రుషికొండలో ఏసీ కుర్చీ వదిలేసి, అరకు ఘాట్‌లో ఏ మలుపు దగ్గర టీ బాగుంటుందో రాస్తానంటే ఎవరింట్లో అయినా గొడవే. వద్దనడానికి రాయట్లేదు ఈ ఉత్తరం. రాజీనామా పెట్టేలోపు చక్కబెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, అందుకు.

సులువైనవి ముందు చెప్పేస్తాను. ఆరోగ్య బీమా ఉద్యోగంలో ఉండగానే సొంతంగా తీసుకో. కంపెనీది ఆఖరి రోజుతో పోతుంది, కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకి తప్ప దేనికీ పైసా రాదు. పీఎఫ్ ముట్టుకోకు, ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. క్రెడిట్ కార్డో బండి లోనో కావాలంటే జీతం స్లిప్పులు చేతిలో ఉండగానే తెచ్చుకో. ఆ తర్వాత బ్యాంకులో రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతారు. ఏడాది ఇంటి ఖర్చు ఫిక్స్‌డ్ డిపాజిట్లో ఉండాలి. అంతే.

ఇక అసలు సంగతి, నీ డొమైన్, అదే నీ సైటు పేరు.

నువ్వు ఇంజినీరింగ్ మొదటి ఏడులో ఉండగా నీ క్లాస్‌మేట్ కుర్రాడు తన ఖాతాలో, తన కార్డుతో, కాలేజీ ఇచ్చిన మెయిలు పెట్టి ఆ పేరు కొనిపెట్టాడు. మంచి కుర్రాడే. చదువైపోయింది, కాలేజీ మెయిలు మూసేశారు, అతను కెనడా వెళ్లాడు, కార్డు గడువు తీరింది. రెన్యువల్ చేసుకోమని వచ్చిన మెయిళ్లన్నీ ఎవరూ తెరవని డబ్బాలో పడ్డాయి. ఓ పొద్దున్న నీ సైటు తెరిస్తే ఎవరివో లోన్ల ప్రకటనలు. గుర్తుందా, ఆ రోజు అన్నం ముట్టలేదు నువ్వు.

డాట్‌కామ్ పేరు గడువు దాటగానే పోదు. రిజిస్ట్రార్ (పేర్లు అమ్మే కంపెనీ) దయనిబట్టి 45 రోజుల వరకూ రెన్యువల్‌కి వీలుంటుంది. ఆ గడువు మధ్యలోనే వేలానికి పెట్టేసేవాళ్లూ ఉన్నారు. అది దాటాక 30 రోజుల రిడెంప్షన్, అంటే విడిపించుకునే ఆఖరి గడువు. అప్పుడు మామూలు ఫీజు మీద పెద్ద జరిమానా కట్టాలి. అదీ దాటితే 5 రోజులు ఎవరి చేతికీ చిక్కదు, ఆరో రోజు నుంచి ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లది. పాత పేర్ల కోసం కాచుక్కూర్చునే ప్రోగ్రాములు సెకన్లలో లాగేస్తాయి. నీది అంతదాకా పోకముందే మేలుకున్నావు కాబట్టి డబ్బుతో పోయింది.

తిరిగొచ్చింది కదా అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ పేరు ఇప్పటికీ అతని ఖాతాలోనే ఉంది! పాస్‌వర్డ్ పంపాడు, చాలనుకున్నావు. ఇల్లు నువ్వు కట్టావు, పట్టా మాత్రం అతని పేరున ఉంది. రిజిస్ట్రార్ లెక్కలో రిజిస్ట్రెంట్ (పేరు నమోదైన మనిషి) మెయిలు ఎవరిదైతే యజమాని వాళ్లే. ఇన్నేళ్లూ రాత్రిళ్లు కూర్చుని రాసిందెవరని వాళ్లు అడగరు. "అతను అలాంటివాడు కాదు మావయ్యా" అంటావు. తెలుసు. నా అనుమానమల్లా అతని ఫోను మీద. నంబరు మారిందంటే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే నీ పాస్‌వర్డ్ నాలుక గీసుకోవడానికి కూడా పనికిరాదు.

కాబట్టి ఈ వారమే చెయ్యాల్సింది విను. ముందు ఆ ఖాతాలోకి వెళ్లి డీఎన్‌ఎస్ రికార్డులన్నీ (నీ పేరుకి వచ్చేవాళ్లనీ మెయిళ్లనీ ఎక్కడికి పంపాలో చెప్పే చిట్టా) దించుకో. 'A' రికార్డులు, ఎంఎక్స్, టీఎక్స్‌టీ, ఒక్కటీ వదలకు. బదిలీలో ఎంఎక్స్ పోతే మెయిళ్లు ఆగిపోతాయి, ఎందుకాగాయో కనుక్కునేసరికి రెండు రోజులు గడుస్తాయి. సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో నీ పేజీలకి వచ్చే క్లిక్కులు చూపేది) ధ్రువీకరణ టీఎక్స్‌టీ రికార్డుతో చేసుకుని ఉంటే అదీ పోతుంది. తర్వాత అదే రిజిస్ట్రార్ దగ్గర నీ పేరున ఖాతా తెరువు. అతని ఖాతాలోంచి నీ ఖాతాలోకి లోపలి బదిలీ చేయించు. మామూలుగా దానికి డబ్బు తీసుకోరు. ఇప్పుడే వేరే రిజిస్ట్రార్‌కి పోవాలని చూడకు, రిజిస్ట్రెంట్ వివరాలు మార్చాక 60 రోజుల తాళం పడే వీలుంది. ఆ గడువయ్యాక కావాలంటే లాక్ తీసి, ఆథ్ కోడ్ (బదిలీకి అడిగే రహస్య కోడ్) తీసుకుని వెళ్లొచ్చు, ఆ ఫీజుతో గడువూ ఏడాది పెరుగుతుంది.

రిజిస్ట్రెంట్ మెయిలుగా నీ సైటు పేరుతో ఉన్న మెయిలు పెట్టకు. చూడ్డానికి దర్జాగానే ఉంటుంది. కానీ డొమైన్ ఆగిన రోజున ఆ మెయిలూ ఆగుతుంది, డొమైన్ ఆగిందన్న కబురు అక్కడికే వస్తుంది. జీమెయిల్ పెట్టుకో. ఐదేళ్లకి ఒకేసారి కట్టెయ్. ఆటో రెన్యువల్‌ని నమ్ముకోకు. 2021 అక్టోబరులో ఆర్‌బీఐ ఈ-మాండేట్ నిబంధన (కార్డు నుంచి డబ్బు దానంతటదే పోవాలంటే ముందు మన అనుమతి ఉండాలన్నది) అమల్లోకి వచ్చాక బయటిదేశపు కంపెనీలు మన కార్డుల నుంచి వాటంతట అవి డబ్బు లాగడం తరచూ ఫెయిలవుతోంది. రెండంచెల లాగిన్ యాప్‌తో పెట్టి, రికవరీ కోడ్‌లు ప్రింటు తీసి నీ సర్టిఫికెట్ల ఫైల్లో దాచు.

నీ సైట్లో ప్రకటనలకి గూగుల్ డబ్బిచ్చే యాడ్‌సెన్స్‌ది కూడా ఇదే రోగం. అప్పట్లో నీకు 18 నిండలేదని బావ పేరున, అదే మీ నాన్న పేరున తెరిచారు. ఆ డబ్బు బావ పాన్ మీద కనిపిస్తుంది. రేపు నువ్వు లోనుకి వెళ్తే కాగితాల్లో నీకు ఆదాయమే లేదు. ఆ ఖాతా ఇంకొకరి పేరుకి మారదు. నీ పేరున కొత్తది పెట్టి, సైటు చేర్చి, ఆమోదం వచ్చాక పేజీల్లో ప్రకటన కోడూ, యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైల్లో పబ్లిషర్ నంబరూ రెండూ మార్చు. ఒకటి మార్చి రెండోది మర్చిపోతారు చాలామంది, ఆదాయం ఎందుకు పడిపోయిందో తెలీక నెల్లాళ్లు తల పట్టుకుంటారు. ఖాతాలో 10 డాలర్లు చేరాక చిరునామా సరిచూసే పిన్ పోస్టులో వస్తుంది. మీ డోర్ నంబరు, ఎంవీపీ కాలనీలో సెక్టారు నంబరు స్పష్టంగా రాయి, పోస్ట్‌మన్‌కీ ఓ మాట చెప్పి ఉంచు. 100 డాలర్లు దాటితేనే చెల్లింపు, అదీ మరుసటి నెల 21 నుంచి 26 లోపు. డిసెంబరులో లంబసింగి చలికోసం వచ్చే జనం తెచ్చిపెట్టిన డబ్బు నీ బ్యాంకులో పడేసరికి జనవరి ఆఖరవుతుంది. ఆ జనవరిలోనే ప్రకటనల రేట్లు పడిపోతాయి.

అందుకే మంచి నెల చూసి జీతం లెక్క కట్టుకోకు. గడిచిన 12 నెలల చెల్లింపులు వరసగా రాసి, అన్నిటికన్నా పెద్దవి రెండు కొట్టెయ్. మిగిలిన పదింటి సగటు తీసి, అందులోంచి హోస్టింగ్, పెట్రోలు, గదుల అద్దె తీసెయ్. మిగిలింది నీ జీతం. అది చూసి కూడా మానేస్తానంటే అప్పుడు మానెయ్.

సెర్చ్ కన్సోల్లో 16 నెలల లెక్క ఉంటుంది, పేజీలవారీగా తీసి చూడు. నీ క్లిక్కుల్లో సగం అరకు మీదుగా వెళ్లే కిరండూల్ ప్యాసింజర్ రైలు టైమింగ్స్ పేజీవని నువ్వే ఒకసారి అన్నావు. నాకు అది విన్నప్పట్నుంచీ మనసు మనసులో లేదు. టైమింగ్స్ ఎవరైనా రాస్తారు. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో గూగుల్ ఏఐ సమాధానాలు పైనే చూపిస్తోంది, అలాంటి ప్రశ్నకి నీ పేజీదాకా వచ్చే అవసరమే ఉండదు. విస్టాడోమ్ అద్దాల రైలుపెట్టెలో ఏ పక్క కూర్చుంటే లోయ కనిపిస్తుంది, బొర్రా గుహల్లో మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ ఎన్ని మెట్ల దాకా దిగగలదు, ఎక్కడ జారుతుంది, ఇవి వెళ్లొచ్చినవాళ్లే చెప్పగలరు. నీ బలం అదే. ప్రతి పేజీ పైన సరిచూసిన తేదీ వెయ్యి, వారానికి ఒక కొత్త పేజీ రాస్తే ఒక పాతది దిద్దు. గూగుల్ 15 బిలియన్ డాలర్లు పెట్టి మన విశాఖకే వస్తున్నట్టు 2025 అక్టోబరులో ప్రకటించిందిగా అని మురిసిపోకు, పక్కింటివాళ్లమని నీ పేజీని పైకెక్కించదు. చదివేవాళ్ల మెయిళ్లు వాళ్ల అనుమతితో పోగుచెయ్యి. వాట్సాప్ చానెల్ మంచిదే, కానీ అదీ ఇంకొకరి చేతిలోదే.

ఓ చిన్న తిట్టు. నీ సైటు లింకు మీ పిన్ని ఫ్యామిలీ గ్రూపులో పెడితే శాతం గుర్తులూ అంకెలూ కలిసి నాలుగు లైన్ల చెత్త వచ్చింది. పేజీ చిరునామాలు తెలుగులో పెడుతున్నావు. లోపల ఒక్కో తెలుగు సంకేతం తొమ్మిది అక్షరాలుగా విడిపోతుంది. గుణింతం గుర్తుకీ, సున్నాకీ కూడా అంతే. 'లంబసింగి' అన్న ఒక్క మాటకే 72 పోతాయి. నీ సైటు నడిచే వర్డ్‌ప్రెస్‌లో చిరునామా గడి 200 అక్షరాలకి పరిమితం, అందుకే నీ చిరునామాలు మధ్యలో తెగిపోతున్నాయి. శీర్షిక తెలుగులోనే ఉంచు, చిరునామా మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన మూడు నాలుగు మాటలతో పెట్టు. పాతవి మార్చాలనుకుంటే 301 దారిమళ్లింపు (పాత చిరునామాకి వచ్చేవాళ్లని కొత్తదానికి పంపేది) పెట్టకుండా మార్చకు, వెతుక్కుని వచ్చేవాళ్లందరికీ ఖాళీ పేజీ కనిపిస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి, కొవ్వొత్తి దగ్గర కూర్చుని హోంవర్క్ చేస్తానని మారాం చేశావు. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. బ్యాకప్ అనగానే నాకు గుర్తొచ్చేది ఆ వారమే. డేటాబేసూ, ఫొటోలున్న డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డరూ రెండూ తియ్యాలి; ఒక్క డేటాబేసు తీస్తే అక్షరాలు మిగులుతాయి, బొమ్మలు పోతాయి. ఒక కాపీ క్లౌడ్‌లో, ఒకటి హార్డ్‌డిస్క్‌లో హైదరాబాదులో మీ అన్నయ్య దగ్గర ఉంచు. మూడు నెలలకోసారి ఆ కాపీ నుంచి సైటు మళ్లీ లేపి చూడు.

డబ్బులిచ్చి రాయించుకునేవాళ్లు వస్తారు. రిసార్టువాళ్లు ఉచితంగా గది ఇస్తే ఆ మాట పేజీ పైనే చెప్పు, వాళ్ల లింకుకి స్పాన్సర్డ్ ట్యాగ్ తగిలించు. సగం అడ్వాన్సు లేకుండా బయల్దేరకు. టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసుకున్నామంటే పన్ను శాఖ సైటులో నీ పాన్ లెక్కలో పడిందో లేదో చూసుకో. పన్ను ఏడాదికి 10,000 దాటేట్టుంటే అడ్వాన్స్ ట్యాక్స్ జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15లోపు కట్టాలి. 20 లక్షల టర్నోవర్ దాటితే జీఎస్టీ. విదేశీ డబ్బు మీద బ్యాంకు ఇచ్చే పత్రాలు పారేయకు, మిగతాది ఆడిటర్ చూసుకుంటారు.

ఈ రెండు మాత్రం నా మీద ఒట్టేసుకుని విను. మొదటిది, 'గెస్ట్ పోస్ట్' వేస్తే ఇంతిస్తాం అని మెయిళ్లు వస్తాయి, తెరిచి చూస్తే లోపల క్యాసినో, బెట్టింగ్ లింకులుంటాయి. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బుపెట్టి ఆడే ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఎంతిస్తామన్నా జవాబు కూడా రాయకు. రెండోది, డ్రోన్. మనది తూర్పు నౌకాదళం ఊరు తల్లీ. ప్రభుత్వం డ్రోన్లకోసం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎర్రరంగు ఉన్నచోట ఎగరెయ్యకు, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు, డాక్‌యార్డ్ వైపు కెమెరా జూమ్ చెయ్యకు. నువ్వు అందమనుకుని తీస్తావు, వాళ్లు వేరే అనుకుంటారు. నిన్ను స్టేషన్లో కూర్చోబెట్టారన్న ఫోను నేను తట్టుకోలేను, మీ అమ్మ అసలే తట్టుకోదు.

డొమైన్ నీ ఖాతాలోకి వచ్చి, కొత్త యాడ్‌సెన్స్ నుంచి మొదటి చెల్లింపు నీ బ్యాంకులో పడ్డాక రాజీనామా పెట్టు, ముందు వద్దు. అందాకా అమ్మకి నేను సర్దిచెప్తాను. ఆదివారం వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్, పాన్ కార్డు, పాస్‌బుక్కు తెచ్చుకో. మన సాయంత్రం ఏడు దాటాక కెనడాలో ఆ కుర్రాడికి తెల్లారుతుంది. ఓటీపీ చెప్పాలి, లైన్లో ఉండమని ఇప్పుడే మెసేజ్ పెట్టు.

మీ మావయ్య