సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. మామోగ్రామ్‌లో ‘బైరాడ్స్ 4బి’ అని వచ్చింది. సన్న సూది పరీక్షలో ‘అనుమానం’ అన్నారు. ఇప్పుడు లావు సూదితో బయాప్సీ చేయాలంటున్నారు. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని చుట్టాలు భయపెడుతున్నారు. నేరుగా గడ్డ తీయించేస్తే సరిపోదా? అమ్మ రక్తం పలచబడే మాత్రలు వాడుతోంది.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు టెన్షన్ కాస్త తగ్గించుకోండి. బైరాడ్స్ అంటే మామోగ్రామ్‌లో అనుమానం ఎంతుందో చెప్పే గ్రేడు. 4బి అంటే క్యాన్సర్ అని తేల్చినట్టు కాదు. అలాంటి గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం 10 నుంచి 50 శాతం. అందుకే ముక్క తీసి చూడాలంటున్నారు.

సూదితో పాకుతుందన్న మాట నా ఓపీలో దాదాపు రోజూ వింటాను. సూది వెళ్లిన దారిలో కొన్ని కణాలు జారే మాట నిజమే. కానీ దానివల్ల జబ్బు మళ్లీ రావడం చాలా అరుదు, ఒళ్లంతా పాకుతుందనడానికి ఆధారాల్లేవు. ఈ భయంతో నెలల తరబడి ఇంట్లో కూర్చున్నవాళ్లకే ఎక్కువ నష్టం జరగడం చూశాను.

సన్న సూదితో వచ్చేవి విడి కణాలే. క్యాన్సర్ పాలనాళంలోనే ఉందా, గోడ దాటిందా అన్నది వాటితో తేలదు. లావు సూదితో సేమ్యా ముక్కల్లాంటి కండ వస్తుంది. దాని మీదే ఈఆర్, పీఆర్ (కణాలు హార్మోన్లకు స్పందిస్తాయా అని చూసేవి), హెర్2 (కణాలను వేగంగా పెంచే ప్రొటీన్ ఎక్కువుందా అని చూసేది) పరీక్షలు చేస్తారు. హార్మోన్ మాత్రలు పనికొస్తాయా, ఆపరేషన్‌కు ముందే కీమో ఇవ్వాలా అన్నది చాలావరకు ఆ ఫలితాలను బట్టే ఉంటుంది. ఏమీ తెలియకుండా గడ్డ కోసేస్తే, అది క్యాన్సర్ అని తేలాక చాలామందికి రెండో ఆపరేషన్ తప్పదు. తొందరపడి కోయించుకుని వచ్చినవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

చేసేది ఇలా. ఆ చోటు వరకే మత్తు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు కాసేపు చురుక్కుమంటుంది. తర్వాత అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది పెడతారు. స్ప్రింగ్ గన్ ‘టక్’మంటుంది. నొప్పి కన్నా ఆ చప్పుడుకే చాలామంది ఉలిక్కిపడతారు, అమ్మకు ముందే చెప్పి ఉంచండి. నాలుగైదు ముక్కలు తీసి అవి పాడవకుండా వెంటనే ఫార్మలిన్ మందు సీసాలో వేస్తారు. కుట్లుండవు. ఆ రోజే ఇంటికి పంపిస్తారు. కొద్దిగా కమిలినా వారం పది రోజుల్లో తగ్గుతుంది. రక్తం ఆగకపోయినా, వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా వెంటనే చూపించండి.

పలచబడే మాత్రల సంగతి బయాప్సీ చేసే డాక్టరుకూ, ఆ మాత్రలు రాసిన డాక్టరుకూ చెప్పండి. మీ అంతట మీరు ఆపేయకండి, అది ప్రమాదం.

రిపోర్టులో ‘క్యాన్సర్ లేదు’ అని వచ్చినా, స్కాన్‌తో అది సరిపోతోందా అని డాక్టరును అడగండి. రెండూ పొసగకపోతే మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు. చికిత్సకు హైదరాబాద్ వెళ్లాలనుకుంటే రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. ల్యాబ్ నుంచి స్లైడ్లు, తీసిన ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకెళ్లండి. అక్కడ వాటిని మళ్లీ చూస్తారు.