నోటిపూతకు నమలాల్సింది ఏ మల్లె?

ప్రశ్న: గజపతినగరం దగ్గర 30 సెంట్ల గరువులో గుండుమల్లె వేసి నాలుగేళ్లయింది. నోటిపూతకు మల్లె ఆకు నమలమని మా అమ్మ అంటుంది. నమిలితే నోరు చేదెక్కిందే గానీ గుణం కనిపించలేదు. ఇప్పుడు ఒకాయన వచ్చి ఆకు, వేరు మందులకు కొంటానంటున్నాడు. మల్లె నిజంగా మందుమొక్కేనా? ఏ భాగం దేనికి వాడాలి? ఈ మధ్య మొగ్గలు ఊదారంగుకు తిరిగి రాలిపోతున్నాయి. దానికీ మార్గం చెప్పగలరు.
– ఒక రైతు, విజయనగరం జిల్లా

జవాబు: మీ అమ్మగారి మాట తప్పు కాదు, మీరు నమిలిన ఆకే వేరు. నోటిపూతకు పెద్దవాళ్లు వాడుతూ వచ్చింది జాజి ఆకు (జాస్మినమ్ గ్రాండిఫ్లోరమ్). మీ పొలంలో ఉన్నది గుండుమల్లె (జాస్మినమ్ సంబక్). రెండూ ఓలియేసీ కుటుంబానివే. పారిజాతమూ ఆ కుటుంబానిదే. వాసన దగ్గరగా ఉందని, పేరు కలిసిందని ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు.

తేడా పట్టడానికి పూత దాకా ఆగనక్కర్లేదు, ఒక కణుపు చూస్తే చాలు. గుండుమల్లెకు కణుపు దగ్గర ఎదురెదురుగా ఆకులుంటాయి, ఒక్కో కాడకు ఒక్కటే ఆకు, వెడల్పుగా నిగనిగలాడుతూ ఉంటుంది. ఒక్కోసారి కణుపుకు మూడు ఆకులు కూడా వస్తాయి. జాజికైతే ఒకే ఈనెకు అటూ ఇటూ జతలుగా చిట్టాకులు, చివర ఒకటి కాస్త పెద్దది, మొత్తం ఏడో తొమ్మిదో ఉంటాయి. జాజి మొగ్గ వెలుపల లేత గులాబీ జీర కనిపిస్తుంది. కాగడామల్లెకు లేత కొమ్మ మీద, ఆకు మీద నూగు ఉంటుంది, పువ్వుకు వాసన ఉండదు. ఆకు తుంచితే పాలు కారిందంటే అది నందివర్ధనం, మల్లె జాతే కాదు. ఇక పెరట్లో రాత్రిపూట ఘుమఘుమలాడే నైట్‌క్వీన్ వంకాయ కుటుంబపు మొక్క, విషం. దాని ఆకు పొరపాటున కూడా నోట పెట్టకండి.

నోటిపూతకు శుభ్రంగా కడిగిన జాజి ఆకులు మూడు నాలుగు నమిలి, రసం కాసేపు నోట్లో ఉంచుకుని ఉమ్మేయాలి. మింగక్కర్లేదు. రెండు వారాలు దాటినా మానని పుండును మాత్రం ఆకులతో నెట్టుకురాకుండా వైద్యుడికి చూపించండి. ఆయుర్వేదంలో మానని పుండ్లకు పూసే జాత్యాది తైలంలో మొదటి ద్రవ్యం ఈ జాజి ఆకే. అందులో మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) కూడా పడుతుంది కాబట్టి ఆ నూనె పైపూతకే, లోపలికి తీసుకోకూడదు.

గుండుమల్లెలో పనికొచ్చేది పువ్వు. పాలు మాన్పించాల్సి వచ్చిన తల్లికి పూలు నలిపి రొమ్ములకు కట్టడం మన ఇళ్లలో పాతకాలం నుంచీ ఉంది. ఇది ఉత్త నమ్మకం కాదు. 1988లో అచ్చయిన ఒక వైద్య పరిశోధనలో పాలు ఆపే బ్రోమోక్రిప్టిన్ మాత్రతో పోల్చి చూస్తే, మల్లెపూలు కట్టిన తల్లుల్లోనూ పాలు తగ్గాయి. అందుకే బిడ్డకు పాలిస్తున్న తల్లికి ఈ కట్టు కట్టకూడదు. రొమ్ము ఎర్రబడి గట్టిపడి జ్వరం వస్తే అది చీము పట్టే లక్షణం, పూలతో ఆలస్యం చేయకండి. పూల కషాయంతో కళ్లు కడగమని కొందరు చెబుతారు. ఇంట్లో కాచిన నీళ్లు కంట్లో వేయడం నేను ఒప్పుకోను.

తలనూనెకైతే పూలను నూనెలో మరిగించవద్దు, వేడికి వాసన ఎగిరిపోతుంది. మల్లెమొగ్గ కోసిన తర్వాత కూడా గంటల తరబడి పరిమళం పుట్టిస్తూనే ఉంటుంది. పాత పద్ధతి దీన్నే వాడుకుంది. కడిగి బాగా ఎండబెట్టిన నువ్వులు గుడ్డ మీద అంగుళం మందాన పరిచి, సాయంత్రం విచ్చుకుంటున్న పూలు పైన ఒక వరస, మళ్లీ నువ్వులు, మళ్లీ పూలు. మర్నాటికి జల్లించి వాడిన పూలు తీసేసి కొత్తవి వేయాలి. ఇలా ఐదారు సార్లు మార్చాక గానుగ ఆడించాలి. పూల మీద మంచు తడి ఉంటే నువ్వులు బూజు పడతాయి, చాలామందికి నూనె చెడేది ఇక్కడే.

వేరు అమ్మకండి. మల్లె వేరుకు మత్తు కలిగించే గుణం ఉందని సంప్రదాయ వైద్యంలో చెబుతారు. మోతాదు తెలియనివాళ్ల చేతికి అది పోకూడదు. పైగా పక్కవేళ్లు తవ్వితే వేసవి చిగురు దెబ్బతింటుంది, మల్లె పూసేది కొత్త చిగుళ్లకే. వానలు తెరిపిచ్చాక, నవంబరు ఆఖరు నుంచి డిసెంబరులో నేలకు 45–50 సెంటీమీటర్ల ఎత్తున కొమ్మలు కత్తిరించండి. ఆ కత్తిరింపులో వచ్చే ఆకునైనా మందుకు అమ్మవద్దు, తోటకు కొట్టిన పురుగుమందు దానిమీద ఉంటుంది.

మొగ్గల సంగతి. ఊదారంగుకు తిరిగిన మొగ్గను గోటితో చీల్చి చూడండి. అడుగున తల తెలియని సన్నటి తెల్లని పురుగులుంటే మొగ్గ ఈగ. మొగ్గకు రంధ్రం ఉండి లోపల నల్ల తలతో ఒకే ఆకుపచ్చ పురుగుంటే మొగ్గ తొలిచే పురుగు. మీరు రాసిన రంగును బట్టి ఈగ అనిపిస్తోంది. అది మొగ్గలో పెరిగి మట్టిలోకి దిగి కోశస్థ దశ (పురుగు ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశ) గడుపుతుంది, అందుకే పైన ఎంత పిచికారీ చేసినా మళ్లీ వస్తుంది. చెడిన మొగ్గలు, రాలినవి రోజూ ఏరి లోతుగా పాతిపెట్టండి. మొదళ్ల చుట్టూ మట్టి పైపైన గుల్ల చేసి మొక్కకు 100 గ్రాముల వేపపిండి (నూనె తీసిన వేపగింజల చెక్క) కలపండి. నాలుగడుగుల ఎడంలో మీ 30 సెంట్లకు సుమారు 800 మొక్కలుంటాయి, అంటే 80 కిలోలు. 5 శాతం వేపగింజల కషాయం (60 లీటర్ల నీటికి 3 కిలోల గింజల పొడి) కోత అయ్యాక సాయంత్రం చల్లండి, ఎండకు దాని గుణం తగ్గిపోతుంది. ఆకు రసం పీల్చే ఎర్రనల్లికి ఎప్పుడైనా గంధకం చల్లితే వేపనూనె రెండు వారాల దాకా ముట్టుకోవద్దు, రెండూ కలిస్తే ఆకు మాడుతుంది.

ఇంటి మందుకు తోట మీద ఆధారపడకుండా పెరట్లో, నీళ్లతొట్టి వార, రెండు జాజి మొక్కలు వేరుగా పెట్టండి. జూన్, జులైలలో మూడు కణుపులున్న ముదురు కొమ్మను జానెడు కత్తిరించి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటితే వేరు పోస్తుంది. వాటికి మందు చల్లే డబ్బా తగలనివ్వకండి.