పాత క్లారినెట్ కొనేముందు వంతెన కీ చూడండి

ప్రశ్న: సిరిమానోత్సవం ఊరేగింపులో వాయించడానికి పాత యమహా వైసీఎల్-255 క్లారినెట్ ఒకటి చూశాను. ఒక్కోసారి స్వరం చీలుతోంది. తీసుకోవచ్చా?
– బ్యాండు కళాకారుడు, విజయనగరం

జవాబు: ఊరేగింపుకి మంచి వాద్యమే. ఒళ్లు ఏబీఎస్ ప్లాస్టిక్, ఎండావానలకి చెక్కలా పగలదు. స్వరం చీలుతుంటే ముందు రెండు ముక్కల్ని కలిపే వంతెన కీని అనుమానించండి. పై ముక్కలో రంధ్రాల చుట్టూ ఉండే రింగులు నొక్కిపట్టకుండా బిగిస్తే అది వంగిపోతుంది. ఎడమ బొటనవేలు, రెండు చేతుల చూపుడువేళ్లు మాత్రమే మూసి ఊదండి. బుసకొట్టిందంటే గాలి కారుతున్నట్టే. పై ముక్క రింగులతో కలిసి కదిలే ప్యాడ్ (రంధ్రాన్ని మూసే మెత్తటి బిళ్ల) కింద సిగరెట్ కాగితం పెట్టి, కుడి చూపుడువేలి రింగు నొక్కి లాగండి. జారిందా, కీ వంపు, కార్కు మందం సరిచేయించాలి. చేత్తో మాత్రం వంచకండి.

గొంతు బీ-ఫ్లాట్ (కింది స్థాయిలో అన్నిటికన్నా పై స్వరం) పలచగా పలికితే కంగారొద్దు, క్లారినెట్లన్నిటికీ ఉన్నదే. స్థాయి మార్చడానికి ఉన్న సన్నటి రిజిస్టర్ రంధ్రమే ఆ స్వరం వెలువడే దారి. కుడిచేతి వేళ్లు మూసి వాయిస్తే కాస్త నిండుతుంది.