కొండ అవతల ఇల్లు కొనబోతున్న చిట్టికి పిన్ని ఉత్తరం

చిట్టీ,

నిన్న అక్క ఫోన్ చేసి చెప్పింది. మీరిద్దరూ ఇక్కడ కాలిఫోర్నియాలో, మా ఊరు మౌంటెన్ హౌస్‌లో ఇల్లు చూస్తున్నారట. బిల్డర్ దగ్గర ఒక లాట్ నచ్చిందట. ధరలు పడుతున్నాయి కాబట్టి ఇదే అదను అనుకుంటున్నారట. మా ఇంటికి రెండు మైళ్ల దూరంలో ఇల్లు చూసుకుంటూ నాకు చెప్పలేదు సరే, ఆ కబురు తెనాలి వెళ్లి మళ్లీ నా దగ్గరికి రావాలా? పిన్ని వద్దంటుందని భయపడ్డావని అక్క అంది. వద్దనను. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటూ నిన్ను వద్దనడానికి నాకు మొహం ఉండాలిగా. పైగా విన్నప్పటినుంచీ గర్వంగానే ఉంది. తెనాలిలో మీరు అద్దెకున్న పోర్షన్‌లో రాత్రి ఎనిమిది దాటితే ఇంటావిడ మోటార్ ఆపేసేది. ఏడింటికల్లా బకెట్లన్నీ నింపిపెట్టడం నీ డ్యూటీ. ఎవరైనా చుట్టాలొస్తే నువ్వు ముందు చూసేది వాళ్ల మొహాలు కాదు, బాత్రూమ్‌లో డ్రమ్ము. అలాంటి పిల్ల సొంతిల్లు కావాలంటే ఎవరు కాదంటారు?

కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నా. ఫోన్లో అయితే నువ్వు "సరే పిన్నీ, సరే పిన్నీ" అని పెట్టేస్తావు.

మామూలువి ముందు చెప్పేస్తా. కొత్త ఇల్లయినా సరే, ఇల్లు పరీక్షించడానికి మీ తరఫున ఒక ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకో. బిల్డర్ చెప్పిన లెండర్ కాక ఇంకో ఇద్దరి దగ్గర లెక్కలు తీసుకో. కాగితాలు అల్లుడు చదివాడులే అని సంతకం పెట్టకు. ఇవి నీకు తెలిసినవే.

ధరల సంగతి. మన ఊరి ధర మన చేతిలో లేదు. శాన్ ఫ్రాన్సిస్కో వైపు ఫ్రీమాంట్‌లో, డబ్లిన్‌లో కొనలేనివాళ్లు ఆల్టమాంట్ కొండ దాటి ఇటు వస్తారు. అక్కడ ధర కాస్త దిగినా, ఆఫీసులు వారంలో ఇంకో రోజు రమ్మన్నా కొండ దాటేవాళ్లు తగ్గిపోతారు. దానికితోడు పక్కనే ట్రేసీ హిల్స్‌లో, లాత్రాప్‌లో రివర్ ఐలండ్స్‌లో కొత్త ఇళ్లు కడుతూనే ఉన్నారు. రేపు నువ్వు అమ్మాలనుకుంటే నీకు పోటీ పక్కింటివాళ్లు కాదు, అమ్ముడుపోని ఇళ్లు చేతిలో పెట్టుకుని కూర్చున్న బిల్డర్. వాడు వడ్డీ తగ్గించి ఇస్తాడు, ఫ్రిజ్ ఇస్తాడు, నువ్వేం ఇస్తావు? అందుకే పడేటప్పుడు ఇక్కడ ముందు పడుతుంది. 2022 ఎండాకాలం ముందు ఎగబడి కొన్నవాళ్లని అడుగు, చెబుతారు.

2008లోలా ఇళ్ల ధరలు మళ్లీ కుప్పకూలతాయని మీ బాబాయి భయం. నాకంత లేదు. అప్పట్లో జీతం కాగితం చూపించకుండా లోన్లిచ్చారు. 2014 నుంచి తిరిగి కట్టే శక్తి ఉందో లేదో చూసే ఇవ్వాలని రూలుంది. 2021లో మూడు శాతం వడ్డీకి లోన్ తీసుకున్నవాళ్లు ఇల్లు వదలరు. కాబట్టి ఊళ్లో సగం మంది ఒకేసారి అమ్మకానికి పెట్టే రోజులు కావివి. ధర ఇంకో పది శాతం పడినా ఇంట్లో కదలకుండా ఉండగలిగినవాళ్లకి ఏమీ కాదు. ఉండగలరా లేదా అన్నదే నా బెంగ.

మా కథ నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. మొత్తం చెప్తా విను.

2006లో మేం ఈ ఇల్లు 5,20,000 డాలర్లకి కొన్నాం. డౌన్ పేమెంట్ సున్నా. 80-20 అనేవాళ్లు అప్పట్లో. 4,16,000కి ఒక లోను, మిగతా 1,04,000కి ఇంకో లోను. మొదటిది ఐదేళ్లపాటు వడ్డీ మాత్రమే కట్టే రకం. అది తప్పని ఇప్పుడు అందరూ అంటారు. ఈ మాటొచ్చినప్పుడల్లా మీ బాబాయి "ఒక్క రెండేళ్లు ఆగుంటే సగం ధరకొచ్చేది" అంటాడు. నేను ఒప్పుకోను. ధర ఎవరికి తెలుస్తుంది? మేం చేసిన అసలు తప్పు వేరే ఉంది. అప్పటికి మా దగ్గర నలభై వేల డాలర్ల పొదుపు ఉంది. డౌన్ పేమెంట్ అక్కర్లేదన్నారు కదా అని ఆ డబ్బు గ్రానైట్ గట్టుకీ, వెనక దొడ్లో రాళ్లు పరిపించడానికీ, తోలు సోఫాకీ పెట్టేశాం. గృహప్రవేశానికి వందమందిని పిలిచాం. పాలు పొంగిన రోజున మా అకౌంట్లో ఇంకో నెల పేమెంటుకి మించి లేదు. ఆ సంగతి తెలిసీ నేను పట్టుచీరలో నవ్వుతూ ఫొటోలు దిగాను.

2008లో మీ బాబాయి ప్రాజెక్టు పోయింది. నవంబరులో పేపర్లన్నీ మా ఊరి గురించే రాశాయి. ఇంటి విలువకన్నా అప్పు ఎక్కువున్నవాళ్లు దేశం మొత్తంలో ఇక్కడే ఎక్కువట, దాదాపు 90 శాతం మంది అలాంటివాళ్లేనట. మా వీధిలో అదే వరసలో ఉన్న ఇల్లు 2,70,000కి పోయింది. మీ బాబాయికి డాలస్‌లో ఉద్యోగం వచ్చింది, మంచి ఉద్యోగం. వెళ్లాలంటే ఇల్లు అమ్మాలి. అమ్మాలంటే మేమే ఎదురు రెండున్నర లక్షల డాలర్లు పట్టుకెళ్లి బ్యాంకుకి కట్టాలి. అద్దెకిద్దామంటే వచ్చే అద్దె పేమెంటులో సగానికి కాస్త ఎక్కువ. ఆ తేడా కొన్ని నెలలపాటు భరించడానికి ఆ నలభై వేలు చాలేవి. అవి రాళ్లయి దొడ్లో ఉన్నాయి.

దాంతో మీ బాబాయి ఒక్కడే డాలస్ వెళ్లి, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో బ్యాచిలర్ కుర్రాళ్లతో గది పంచుకుని ఉన్నాడు. నేనూ చిన్నాడూ ఇక్కడ. నాన్న ఎక్కడని అడిగితే వాడు ఫోన్ చూపించేవాడు. మా వీధిలో చాలామంది తాళాలు బ్యాంకుకి పంపించి వెళ్లిపోయారు. కాలిఫోర్నియాలో ఉండడానికి కొన్న ఇంటి లోన్ కట్టలేకపోతే బ్యాంకు ఇల్లు తీసుకుంటుంది, మిగతా బాకీకి వెంటపడలేదు. మేమూ అలా చెయ్యొచ్చని చెప్పినవాళ్లున్నారు. మీ బాబాయి వినలేదు. "తీసుకున్నాం, కడదాం" అనేవాడు. ఆ మాటకి అప్పుడు ఎంత తిట్టానో, ఇప్పటికీ అంత ముచ్చటేస్తుంది. పక్క సందులో ఉండే విజయవాడ వాళ్లు వెళ్లిపోయే ముందు పెద్ద కుండీలో కరివేపాకు చెట్టు తెచ్చి మా గుమ్మంలో పెట్టి, చలికాలం గరాజ్‌లోకి లాగమని మరీమరీ చెప్పారు. వాళ్ల తలుపుకి అంటించిన నోటీసు మీద టేపు నెలల తరబడి అలాగే ఉంది.

2009లో హార్ప్ అని ప్రభుత్వం స్కీము పెట్టింది. తక్కువ వడ్డీకి రీఫైనాన్స్ చేసుకోవచ్చన్నారు. తీరా చూస్తే, అప్పు ఇంటి విలువలో 125 శాతం దాటితే కుదరదు. మాది 150 దాటిపోయింది. ఆ హద్దు తీసేశాక, 2012లో గానీ మాకు దారి దొరకలేదు. అప్పుడూ రెండో లోన్ బ్యాంకు సంతకానికి తిప్పి తిప్పి చంపింది. 2006లో పెట్టిన ధర మా ఇంటికి మళ్లీ రావడానికి పదేళ్లు పైనే పట్టింది.

అందుకని నేను అడిగేది ఒకటే. డౌన్ పేమెంట్, క్లోజింగ్ ఖర్చులు, సామాన్లు అన్నీ పోయాక చేతిలో ఏడాది పేమెంటు ఉంటుందా? తొమ్మిది లక్షల ఇంటికి 20 శాతం కడితే, ఏడు లక్షల ఇరవై వేల లోను. ఆరున్నర శాతం వడ్డీకి నెలకి 4,550. టాక్సులూ ఇన్సూరెన్సూ కలిపితే ఆరువేల దగ్గరికొస్తుంది. అంటే 72,000 పక్కన ఉండాలి. లేకపోతే ఇంకో ఏడాది ఫ్రీమాంట్‌లో అద్దెకే ఉండండి. ధర పడే రోజుల్లో ఆగినవాడికి నష్టం లేదు.

"ఇద్దరం సంపాదిస్తున్నాం పిన్నీ" అంటావు. లెండర్ కాగితం మీద రెండు జీతాలే. కానీ నీది హెచ్4 ఈఏడీ, అల్లుడి వీసా మీద వచ్చిన పని అనుమతి. అల్లుడి హెచ్1బీ ఉద్యోగ వీసా ఊగితే నీ ఉద్యోగమూ ఊగుతుంది. రెండు జీతాలూ ఒకే మేకుకి తగిలించి ఉన్నాయి తల్లీ. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి ఇప్పుడు 60 రోజుల గడువిస్తున్నారు. మా రోజుల్లో అదీ లేదు. ఆ 60 రోజుల్లో దొరికే ఉద్యోగం సియాటిల్‌లో ఉండొచ్చు. గ్రీన్ కార్డు లైను ఎప్పుడు కదులుతుందో మనకి తెలియదు. భయపెడుతున్నానని అనుకోకు. ఇది మీ లెక్కలో లేదని అక్క మాటలనిబట్టి అర్థమైంది, అందుకే చెప్పా.

ఇక రోడ్డు. ఇల్లు కట్టి చూడు అన్న పెద్దలు 580 హైవే మీద పొద్దున ఆరింటికి బండి నడిపి చూడలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూడ్డానికి వస్తే ఫ్రీమాంట్ నుంచి ముప్పావుగంట. ఆఫీసు రోజున అది ఇంకో ఊరు, ఇంకో రోడ్డు. శీతాకాలంలో ట్యూల్ పొగమంచు కమ్మితే ముందు కారు బ్రేక్ లైటు కూడా కనిపించదు. ఒకసారి కొండ మీద ట్రక్కు బోల్తా పడింది. నేను అక్కడ ఇరుక్కున్నా. డేకేర్ ఆరింటికి మూసేస్తారు. ఆరూ ఐదుకి ఒక ఫోను, పావుకి ఇంకో ఫోను. నేను చేరేసరికి లైట్లన్నీ ఆర్పేసి, ఒక టీచరు కోటు వేసుకుని, చిన్నాడికి కూడా కోటు వేసి, వాడి లంచ్ బాక్సు తన ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఆమె ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. నీ చంటిదానికి మూడేళ్లు. ఎవరు ఎన్నింటికి తెస్తారో ఇద్దరూ కూర్చుని రాసుకోండి. ట్రేసీ నుంచి ఏస్ రైలు ఉంది, శాంతా క్లారా ఆఫీసులకి బాగానే పనికొస్తుంది. కానీ పొద్దున వెళ్లేవీ సాయంత్రం వచ్చేవీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. మధ్యాహ్నం స్కూల్ నుంచి జ్వరమని ఫోనొస్తే ఆ రైలు అక్కరకు రాదు. వ్యాలీ లింక్ వస్తుందని ఏజెంటు ఊదరగొడతాడు. రాని రైలుకి ఇప్పుడే డబ్బులు కట్టకు.

బిల్డర్‌తో బేరం ఎలాగంటే, వాడు ధర తగ్గించడానికి చచ్చినా ఒప్పుకోడు. తగ్గించిన ధర రికార్డుకెక్కితే తర్వాతొచ్చినవాడూ అదే అడుగుతాడని భయం. అందుకే అప్‌గ్రేడ్లిస్తా, వడ్డీ తగ్గిస్తా అంటాడు. నువ్వు ధర దగ్గరే పట్టు పట్టు. ఇక్కడ ఇంటి పన్ను కొన్న ధర మీద పడుతుంది. 1978 చట్టం ప్రకారం ఏటా రెండు శాతానికి మించి పెంచడానికి లేదు, కానీ మొదలయ్యేది నువ్వు పెట్టిన అంకె దగ్గరే. ఒకవేళ మొదటేడు రెండు శాతం, రెండో ఏడు ఒక శాతం వడ్డీ తగ్గించే రకం ఇస్తే, మూడో ఏడు కట్టాల్సిన దాన్నే నీ పేమెంటు అనుకో. ముప్పై ఏళ్లకీ తగ్గిస్తే మాత్రం లెక్క వేసుకో, కొన్నిసార్లు అదే లాభం. పన్ను బిల్లులో ఊరి ప్రత్యేక పన్నులు విడిగా ఉంటాయి, లాటు నంబరు చెప్పి ఏడాదికి ఎంతో రాసిమ్మని అడుగు. కొన్న కొన్ని నెలలకి సప్లిమెంటల్ అని ఇంకో బిల్లు ఇంటికొస్తుంది, అది మామూలుగా లెండర్ కట్టడు. మేం దాన్ని ఏదో ప్రకటన అనుకుని చెత్తలో పారేశాం.

అన్నిటికన్నా నా కడుపులో దేవింది ఇంకో మాట. డౌన్ పేమెంట్ తక్కువైతే బావ మాగాణి అమ్మి పంపుతానన్నాడట. నువ్వు అడగలేదని నాకు తెలుసు. అయినా వద్దనలేదట. ఇండియా నుంచి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. పది లక్షల రూపాయలు దాటిన దాని మీద అక్కడ 20 శాతం టీసీఎస్ అని ముందే పన్ను పట్టుకుంటారు, రిటర్న్ వేసి తెచ్చుకోవాలి. ఇక్కడ లక్ష డాలర్లు దాటితే పన్నుల ఆఫీసుకి 3520 ఫారం వెయ్యాలి, పన్నుండదు కానీ మర్చిపోతే జరిమానా. బ్యాంకు గిఫ్ట్ లెటర్ అడుగుతుంది, బావ చేత సంతకం పెట్టిస్తుంది, ఇది అప్పు కాదు, తిరిగి అడగనని. అరవై ఎనిమిదేళ్ల మనిషి! ఆ పొలం కౌలు డబ్బులతోనే అక్క మందులు కొనుక్కుంటోంది. ఇది అక్క నీకు చెప్పదు. చెప్పానని నా మీద కోప్పడినా సరే.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. వచ్చే మంగళవారం ఆఫీసు అయ్యాక చంటిదాన్ని తీసుకుని నేరుగా మా ఇంటికి రండి. సాయంత్రం ట్రాఫిక్‌లోనే రండి, ఎనిమిది దాకా ఆగి కాదు. రాత్రి ఇక్కడే పడుకుని, బుధవారం పొద్దున ఇక్కణ్ణుంచే డేకేర్‌కీ ఆఫీసులకీ వెళ్లండి. గురువారం కూడా ఉండండి, ఒక్కరోజుతో ఏం తెలుస్తుంది? బిల్డర్ ఇచ్చిన కాగితాలన్నీ పట్టుకురా. మీ బాబాయి ఎక్సెల్ షీటు తెరిచి 2006 నుంచి మొదలుపెడతాడు, అల్లుణ్ణి కాస్త ఓపిక పట్టమను. గుత్తి వంకాయ చేస్తా. ఇద్దరూ ఆ రోడ్డు మీద తిరిగాక కూడా ఇల్లు కావాలంటే, బేరానికి నేనే మీతో సేల్స్ ఆఫీసుకి వస్తా. పొలం మాత్రం అప్పటిదాకా ఎవరికీ మాటివ్వొద్దని బావకి ఈ రాత్రికే ఫోన్ చేస్తున్నా.

మీ పిన్ని